అరముక్క టమాటా కుదరదుట!

మా అమ్మగారి తరంలో పెళ్ళిచూపుల్లో "పాటలు వచ్చునా?" అని అడగడం పోయి "నీ హాబీలేమిటమ్మా?" అని అడగడం వచ్చింది. జవాబు కూడా ఆడపిల్లలందరికీ కంఠతా ఉండేదిట. నవలలు చదవడం, రేడియో వినడం, ఎంబ్రాయిడరీ. కాస్త డాబుగా ఉండాలనుకున్న వాళ్ళు స్టాంపులు పోగుచెయ్యడం కలిపేవారు. పెళ్ళయ్యాక ఆ హాబీలేమయ్యాయని ఏ పెళ్ళిపెద్దా వాకబు చేసిన పాపాన పోలేదు.

ఇప్పుడా వాకబు సెల్‌ఫోను చేస్తోంది. ఇవాళ పుస్తకం చదివారా, పాట సాధన చేశారా, నాలుగడుగులు నడిచారా అని గంట కొట్టి మరీ అడుగుతుంది. కాలాన్ని పొదుపు చెయ్యడం నేర్పే ఈ యాప్‌లనీ, వాటికి తాతముత్తాతలనదగ్గ పుస్తకాలనీ ఈమధ్య వరసబెట్టి చూశాను. నవలలు రాసుకునేదాన్ని కదా, ఏ పుస్తకం పట్టుకున్నా ఇందులో కథానాయకుడెవరు, అతగాడికి కాఫీ ఎవరు అందిస్తున్నారు అని చూడడం నాకు అలవాటు. ఆ కంటితో చూస్తే ఇవి మహా తమాషాగా ఉన్నాయి.

ఇంగ్లీషు నవలాకారుడు ఆర్నాల్డ్ బెనెట్ 1908లో, రోజుకి ఇరవైనాలుగు గంటలతో బతకడమెలాగో చెబుతూ ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆఫీసుకి వెళ్ళివచ్చే గుమాస్తాలకి హితబోధ అది. తెల్లవారుజామునే లేచి చదువుకోమంటాడు. లేవగానే టీ కావద్దూ? ముందురోజు రాత్రే కప్పూ సాసరూ, రెండు బిస్కట్లూ, అగ్గిపెట్టే, స్పిరిట్ దీపం ఒక ట్రేలో సర్ది ఉంచమని పనిమనిషితో చెప్పుకోవాలిట! బెనెట్ భాష హాయిగా ఉంటుంది, హాస్యం ఉంది, చదివిస్తుంది. కానీ ఆ ట్రే సర్దిన మనిషికి కూడా రోజుకి ఇరవైనాలుగు గంటలే ఉంటాయన్న సంగతి ఆయన కలానికి తట్టలేదు.

2001లో వచ్చిన డేవిడ్ ఆలెన్ పుస్తకంలో రెండు నిమిషాల సూత్రం ఒకటుంది. రెండు నిమిషాల్లో తెమిలే పనైతే వాయిదా వెయ్యకుండా అప్పటికప్పుడే చేసెయ్యమని. బల్ల మీద కాగితాలు ముందేసుకు కూర్చున్న వాళ్ళకి బంగారంలాంటి సలహా, కాదనను. కానీ మన ఇళ్ళల్లో ఏ పని రెండు నిమిషాలు దాటుతుంది చెప్పండి? మంచినీళ్ళివ్వడం, తువ్వాలు వెతికిపెట్టడం, పాలు పొంగకుండా చూడడం, గుమ్మంలో కూరలబ్బాయితో బేరం. ఈ సూత్రం పాటిస్తే తెల్లారింది మొదలు పడుకునేదాకా రెండేసి నిమిషాల పనులే చేస్తూ పోవాలి. మనం చేస్తున్నదీ అదేగా!

వీటన్నిటిలోకీ నన్ను బాగా నవ్వించింది టమాటా పద్ధతి. ఫ్రాన్సెస్కో చిరిల్లో అనే ఇటలీ కుర్రాడు కాలేజీలో చదువు మీద మనసు నిలవక, 1980ల చివర్లో, టమాటా ఆకారంలో ఉన్న వంటింటి గడియారం ఒకటి ముందు పెట్టుకున్నాడు. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం. అలా నాలుగు తిరిగాక కాస్త పెద్ద విరామం. ఇటలీ భాషలో పొమొడోరో అంటే టమాటా, అందుకని ఆ పేరే నిలిచిపోయింది. ఈ లెక్కతో నడిచే యాప్‌లు ఫోనులో ఇప్పుడు కోకొల్లలు.

ఇందులో ఒక కఠినమైన నిబంధన ఉంది. టమాటాని ముక్కలు చెయ్యకూడదు! మధ్యలో ఎవరైనా పిలిచి మీరు లేచారో, ఆ టమాటా చెల్లదు. ఇరవైరెండు నిమిషాలు చేసిన పనైనా సరే, మళ్ళీ మొదటినించీ మొదలు. గడియారమేమో వంటింటిది, అందులోని సూత్రం మాత్రం వంటింట్లో ఒక్క పూట నిలవదు. మూడో కూతకి కుక్కరు దింపాలి, రెండో కూతకే ఎవరో తలుపు తడతారు. ఇరవైఐదు నిమిషాలు ఎవరూ నన్ను పిలవకుండా చూసే మనిషి ఇంట్లో ఇంకొకరుంటేనే ఈ పద్ధతి ఫలిస్తుంది. బెనెట్‌గారి ట్రే సర్దిన మనిషే ఇక్కడ మళ్ళీ తలుపు అవతల నిలబడి ఉంది, చూశారా?

తల్లాడలో ఖమ్మం, సత్తుపల్లి, కొత్తగూడెం రోడ్లు కలిసేచోటికి కూతవేటు దూరంలో మా వీధి. బస్సు హారన్లతోనే తెల్లారుతుంది మాకు. పక్కింటి వదినగారి చేత్తో కుట్టిన నెమలిని చూస్తే పురి విప్పుతుందేమోననిపిస్తుంది. హైదరాబాదులో ఉద్యోగం చేసే కూతురు ఆవిడ ఫోనులో అలవాట్ల లెక్క రాసే యాప్ ఒకటి పెట్టి వెళ్ళింది. రోజూ అరగంట కుట్టాలి, కుట్టినట్టు టిక్కు పెట్టాలి. పందొమ్మిది రోజులు గొలుసు తెగకుండా సాగింది. ఇరవయ్యో రోజు అత్తగారికి ఆయాసం వచ్చి ఖమ్మం ఆస్పత్రికి పరుగెత్తారు. మూడు రాత్రులు మేలుకుని ఇంటికొచ్చి ఫోను చూస్తే పందొమ్మిది కాస్తా సున్నా అయి కూర్చుంది.

"నేను మేలుకున్న రాత్రులు దీని లెక్కలోకి రావా, వదినగారూ?" అంది.

ఆ ప్రశ్నకి జవాబు నాకు ఏ యాప్‌లోనూ దొరకలేదు గానీ, పి. సత్యవతిగారి 'ఇల్లలకగానే' కథలో ఉంది. చాలామంది చదివే ఉంటారు. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది ఒక ఇల్లాలు. పిల్లలకి అమ్మ, పనిమనిషికి అమ్మగారు, అంతే. చివరికి చిన్ననాటి స్నేహితురాలు కనబడి, నువ్వు శారదవి, బాగా చదివేదానివి, పాడేదానివి, బొమ్మలు వేసేదానివి అని గుర్తు చేస్తుంది. ఆ కథలో పేరూ హాబీలూ కలిసే పోతాయి, కలిసే తిరిగొస్తాయి. ఇంకొకటి గమనించండి. ఫోనుకి అప్పజెబితే శారద అంత గొప్ప పనిమంతురాలు ఇంకొకరుండరు. ఏ రోజూ ఇల్లు అలకడం మానలేదు, గొలుసు తెగలేదు, నూటికి నూరు మార్కులు. పేరు పోయిన సంగతి ఆ మార్కుల పట్టీలో ఏ గడిలోనూ కనబడదు.

అబ్బూరి ఛాయాదేవిగారి 'బోన్సాయ్ బ్రతుకు' ఇంకో అడుగు ముందుకు వేసి హాబీనే నిలదీస్తుంది. ఢిల్లీలో ఉద్యోగం చేసే చెల్లెలు మురిపెంగా కుండీలో పెంచుకున్న మరుగుజ్జు చెట్లని పల్లెటూరినుంచి వచ్చిన అక్క చూసి, ఆడదాని బతుకుని తలుచుకుంటుంది. వదినగారి నెమలిని రోజుకి అరగంట కుండీలో నాటమన్నప్పుడు నాకు ఆ కథే మెదిలింది. నెమలి అరగంటల్లో తయారవదు. ఒకరోజు పూటంతా లాగుతుంది, పది రోజులు ఊరికే గూట్లో పడి ఉంటుంది. ఆ పది రోజుల్లోనూ రంగులు మనసులో కలుస్తూనే ఉంటాయి.

లెక్కలే వద్దని నేననను. మా ఊరినించి కొత్తగూడెం దాటి భద్రాచలం దారి పట్టండి, వేసవిలో అడవి పల్లెల ఆడవాళ్ళు తునికాకు కోసి కట్టలు కడుతుంటారు. కట్టకి యాభై ఆకులు. అక్కడ లెక్క తప్పకూడదు, కట్టకి ఇంత అని కూలి వస్తుంది కనుక. ధనుర్మాసం ముగ్గులోనూ చుక్కలకీ వరసలకీ లెక్క ఉంది, అది ముగ్గు కుదరడానికి. కూలీ ఇవ్వకుండా, ముగ్గూ కుదర్చకుండా, వెయ్యని రోజుని పట్టుకుని మనల్ని దోషుల్ని చేసే లెక్క మూడోది. దాంతోనే నా పేచీ.

ఇంత చెప్పి ఫోను గూట్లో పెట్టేశాననుకుంటున్నారేమో, లేదు. గూగుల్ కీప్‌లో సరుకుల జాబితా రాసుకుంటాను. అందులో ఒకే జాబితాని ఇంకొకరితో పంచుకునే సదుపాయం ఉంది. మీరు 'పాలు' అని రాస్తే ఇంకొకరి ఫోనులోనూ కనబడుతుంది, వారు తెచ్చి టిక్కు పెడితే మీ ఫోనులోనూ చెరుగుతుంది. నేను చూసిన ఇన్ని పరికరాల్లో ఇంట్లో ఇంకో మనిషి ఉన్నాడని ఒప్పుకున్నది ఇదొక్కటే. అయితే జాబితా రాసేదీ మనమే, తెచ్చేది మాత్రం వారూ అయితే సగమే పంపకం. పప్పు అయిపోవచ్చిందని గుర్తుపెట్టుకోవడం కూడా పనేనండీ. మా ఇంట్లో ఇప్పుడు ఆదివారం జాబితా మావారు రాయాలి. మొదటివారం ఉప్పు లేకుండా వారం గడిచింది, ఎవరమూ చచ్చిపోలేదు, పక్కింటివారిదగ్గర చేబదులు తెచ్చుకున్నాం.

వదినగారు కూతురికి ఫోను చేసి ఆ గొలుసు యాప్ తీయించేసింది. జాబితా మాత్రం అత్తగారి మందులకోసం ఉంచుకుంది, కొడుకుతో పంచుకుంది. టైపు చెయ్యడం విసుగైతే కీబోర్డులో తెలుగు ఎంచుకుని, మైకు బొమ్మ నొక్కి నోటితో చెప్పినా రాసుకుంటుందని చూపించాను. కుక్కరు కూస్తున్నప్పుడు మాత్రం చెప్పకండి, 'చింతపండు' అంటే ఏం రాస్తుందో దానికే తెలియదు.