నాలుగున్నర రోజుల వంతెన

అమెరికా అంతర్యుద్ధంలో, 1864లో, ఉత్తరాది సేనాని షెర్మన్ సేన అట్లాంటా మీదికి వెళ్లిందంటే, దాని వెనక లూయీవిల్ నుంచి 473 మైళ్ల ఒంటి రైలుదారి ఉంది. లక్షమంది సైనికుల తిండి, 35 వేల పశువుల దాణా దాని మీదే రావాలి. శత్రువులు పట్టాలు పీకేవారు, వంతెనలు తగలబెట్టేవారు. వంతెనల పక్కన దుంగలతో కట్టిన చిన్న కోటల్లో కాపలా సైనికులుండేవారు. అక్టోబర్ 5న ఈ దారి మీది అలటూనా కనుమలో షెర్మన్ కింది సేనాని కోర్స్ దళం రొట్టెల గిడ్డంగిని కాపాడుకుంది. సరే, వాళ్లకు పతకాలుంటాయి. నా మొక్కు మాత్రం తగలబడ్డ వంతెనలను తిరిగి కట్టిన వడ్రంగులకు. చాటహూచీ నది మీద 780 అడుగుల పొడవు, 92 అడుగుల ఎత్తున్న వంతెనను నాలుగున్నర రోజుల్లో నిలబెట్టారు. మా వీధి కల్వర్టుకు రెండేళ్లు పట్టింది! దూలం మీద దూలం, బిగించేందుకు మేకులు, అంతే.