పురిటి పని తెలిసిన కుక్క

చిత్తకార్తె పేరెత్తితే మనవాళ్లకు వాన కన్నా ముందు కుక్కలు గుర్తొస్తాయి. అక్టోబరు పదో తేదీ ప్రాంతంలో మొదలై రెండు వారాలు నడిచే ఆ కార్తెలో వీధి కుక్కలు గుంపులు కడతాయని పల్లెలో పిల్లాడికి కూడా తెలుసు. దాన్ని పట్టుకుని మనం తిట్లు తయారు చేసుకున్నాం గానీ, తర్వాతి లెక్క ఎవరూ వేయరు. కుక్క మోసేది సుమారు 63 రోజులు. అక్టోబరు నడిమికి 63 కలిపితే డిసెంబరు నడుమ తేలుతుంది. అంటే హైదరాబాద్ పాతబస్తీలో చాలా కుక్కలు ఈనేది చలి ముదిరే రోజుల్లోనే. అన్ని కుక్కలూ కార్తెకు కట్టుబడవు, ఎండాకాలంలో ఈనేవీ ఉన్నాయి. కానీ డిసెంబరు, జనవరిల్లో మొగల్‌పురా, శాలిబండ, హుస్సేనీ ఆలం గల్లీల్లో తిరిగితే ఏ మూల చూసినా కూనల కుయ్‌కుయ్‌లే.

ఆ నెలల్లో హైదరాబాద్ రాత్రి 15 డిగ్రీల చుట్టూ ఉంటుంది. పుట్టిన కూనకు మొదటి వారం చుట్టూ 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. దానికి కళ్లు తెరుచుకోవు, చెవులు వినపడవు, చలేస్తే వణకడం కూడా చేతకాదు. ఈ పదిహేను డిగ్రీల లోటు పూడ్చడానికి తల్లి దగ్గర ఉన్నవి రెండే: తన ఒళ్లు, తను వెతుక్కున్న చోటు. అందుకే పురుడు దగ్గరపడిన కుక్క చేసే పనులను అవస్థగా కాక పనితనంగా చూడాలంటాను. ఒక పని తర్వాత ఇంకొకటి, వరస తప్పకుండా చేస్తుంది. ఆ వరస తెలిస్తే పురుడు ఎంత దూరంలో ఉందో మనకూ తెలుస్తుంది.

ముందు చోటు సంగతి. కూలిపోయిన ఒక దేవిడీలో మెట్ల కింద ఒక గోధుమరంగు కుక్క తావు చూసుకోవడం దగ్గర్నుంచి గమనించాను. ముందుకాళ్లు రెండూ మార్చి మార్చి గోకి, మట్టిని వెనక కాళ్ల సందులోంచి విసిరేసింది. ఆగి వాసన చూసింది. గుండ్రంగా తిరిగింది, పడుకుంది, లేచింది. ఇంకా ఏదో నచ్చనట్టు మళ్లీ గోకింది. కాసేపటికి అదీ వదిలేసి, పక్క సందులో మూతబడ్డ దుకాణం చెక్కల కిందికి వెళ్లి అక్కడా ఇదే తంతు. చివరికి మెట్ల కిందికే తిరిగొచ్చింది. ఎందుకొచ్చిందో ఆ చోటు చూస్తే అర్థమవుతుంది. మూడు పక్కలా రాతి గోడ, నాలుగో పక్క కుక్క ఒక్కటే దూరేంత సందు. నేల గల్లీ కన్నా జానెడు ఎత్తు, మురికినీళ్లు పొంగినా లోపలికి రావు. పడుకుంటే వీపు గోడకు ఆనుతుంది, మూతి దారికి ఎదురుగా ఉంటుంది. వచ్చేవాళ్లను అది చూస్తుంది, వచ్చేవాళ్లకు కూనలు కనపడవు. ఇంతకన్నా మంచి పురిటిగది గీసిమ్మంటే ఏ మేస్త్రీ గీస్తాడు?

మనుషులకు ఇంత దగ్గరగా ఎందుకని అడగొచ్చు. కోల్‌కతా ఐసర్ అనే విజ్ఞాన సంస్థలో వీధి కుక్కల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేస్తున్న అనిందితా భద్ర బృందం 2016లో ఇదే తేల్చింది: ఈనడానికి వీధి కుక్కలు మనుషుల మసలుడు ఉన్న చోట్లనే ఇష్టపడి ఎంచుకుంటాయి. తిండి దగ్గర కావాలిగా మరి. అదే ఏడాది ఆ బృందం వేసిన ఇంకో లెక్క మనసు చివుక్కుమనిపిస్తుంది. 95 ఈతల్లో పుట్టిన 364 కూనలను వెంబడించి చూస్తే, ఈడుకొచ్చే దాకా బతికినవి ఐదో వంతు కూడా లేవు. చావుల్లో సగానికి పైగా మనుషుల వల్లే. మన దగ్గరికి రావడం తల్లి కుక్కకు లాభమూ అదే, గండమూ అదే.

మెట్ల కింద చూసిన ఆ గోకుడు వెనక ఒక రసాయనం ఉంది. గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరాన్ హార్మోను తగ్గుతుంటే, పాలు తెప్పించే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. గూడు సర్దే తొందర దానితో వచ్చేదే. మేడ మీద పెంచుకునే కుక్క గచ్చునూ, పరుపునూ, బట్టల మూటనూ గోకడం కూడా ఇదే పని, కాకపోతే తవ్వడానికి మట్టి లేదు. అయితే ఈ ఒక్క గుర్తును పట్టుకుని పురుడు అనేయకూడదు. ఎదకొచ్చి చూలు నిలవని కుక్కలోనూ రెండు నెలలకు ఆ ప్రొజెస్టిరాన్ అలాగే పడిపోతుంది. అదీ గోకుతుంది, దానికీ పాలొస్తాయి, ఒక పాత చెప్పును కూనలా కాపలా కాస్తుంది. కడుపులో మాత్రం ఏమీ ఉండదు.

ఒంటి గుర్తులు ఇంకొంచెం నమ్మదగ్గవి. చివరి వారంలో కడుపు కిందికి జారుతుంది. నడుము దగ్గర డొక్కలు లోతుకు పోయి, తుంటి ఎముకలు బయటికి తేలతాయి. తోక మొదలు వదులవుతుంది. మాయలో తయారయ్యే రిలాక్సిన్ అనే హార్మోను కటి ఎముకల కట్లను సడలించి దారి చేస్తోందన్నమాట. చన్నులు సాధారణంగా ఐదు జతలు. వెనకవి ముందు నిండుతాయి, చుట్టూ వెంట్రుకలు పలచబడతాయి. ఇదివరకు ఈనిన కుక్కకు కొన్ని రోజుల ముందే పాలు దిగొచ్చు, తొలిచూలు కుక్కకు కూన నోరు పెట్టేదాకా దిగకపోవచ్చు. కాబట్టి పాల చుక్క చూసి గంటలు లెక్కపెట్టొద్దు.

గంటల్లో చెప్పగలిగేది థర్మామీటరు. నాకు అన్నిటికన్నా అబ్బురం అనిపించేది కూడా ఇదే. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ డిగ్రీలు. పురిటికి ఒక రోజు లోపు అది 99 కిందికి జారుతుంది. ప్రొజెస్టిరాన్ గర్భసంచిని నిమ్మళంగా ఉంచడమే కాదు, ఒంటిని కాస్త వెచ్చగానూ ఉంచుతుంది. అది ఒక్కసారిగా పడిపోయేసరికి వేడీ పడిపోతుంది. తర్వాత ఒళ్లు సర్దుకుని మళ్లీ మామూలు వేడికి వచ్చేస్తుంది, కనుక రోజుకు ఒక్కసారి చూసేవాళ్లకు ఈ దిగుడు దొరక్కపోవచ్చు. ఆఖరి వారం పొద్దునా సాయంత్రం మలద్వారంలో పెట్టి చూసి రాసుకోవాలి. ఇంతకీ ఆ ప్రొజెస్టిరాన్‌ను పడగొట్టేది ఎవరనుకున్నారు? లోపలి పిల్లలే. ఎదిగి చోటు చాలక ఇరుకునపడ్డ కూనల ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోను పెరుగుతుంది, ఆ కబురు మాయ దాటి తల్లికి చేరుతుంది. పురుడు ఎప్పుడన్నది తల్లి ఇష్టం కాదు, కూనల నిర్ణయం.

ఇదంతా పెంపుడు కుక్క మాట. వీధి కుక్క తోకెత్తి థర్మామీటరు పెట్టబోయి కరిపించుకోకండి. దాని కబురు వేరే దారిన తెలుస్తుంది. రోజూ రాత్రి హోటల్ షట్టర్ దించే వేళకు బొక్కల కోసం వచ్చి కూర్చునే కుక్క ఒకరోజు రాదు. లేదా వస్తుంది, ముందు పెట్టిన ముక్కను వాసన చూసి వదిలేసి పోతుంది. మాంసం ముక్క వదిలేసిన చూడి కుక్క ఇరవై నాలుగు గంటల్లో ఈనుతుందని పందెం కాయొచ్చు. ఒక్కోసారి ఓడిపోవచ్చు కూడా.

అక్కడి నుంచి పురుడు మొదటి అంకంలో పడ్డట్టే. చలిలో కూడా నాలుక బయటపెట్టి రొప్పుతుంది. వణుకుతుంది. ఒక్కోసారి కక్కుతుంది. తిరిగి తన డొక్క వైపే చూసుకుంటుంది, వెనక నాక్కుంటుంది, చుక్క చుక్కగా ఉచ్చ పోస్తుంది, జిగురు నీరు కారుతుంది. ఇది ఆరు నుంచి పన్నెండు గంటలు సాగుతుంది, తొలిచూలుకు ఒకటిన్నర రోజు పట్టినా ఆశ్చర్యం లేదు. చూసేవాళ్లు ‘అయ్యో, ఏదో అయింది’ అని నీళ్లు చల్లడం, లేపి నడిపించడం ఇప్పుడే చేస్తారు. నిజానికి గర్భసంచి ముఖం తెరుచుకుంటోంది. పైకి ఏమీ కనపడని ఈ గంటల్లోనే పనిలో సగం అయిపోతుంది. దాన్ని దాని మానాన వదిలేయడమే మనం చేయగల సాయం.

తర్వాత నొప్పులు బిగుస్తాయి, తోక పక్కకు లేస్తుంది, ఉమ్మనీటి సంచి కనపడుతుంది. కూన తలతోనే రావాలని లేదు. పదింటిలో నాలుగు దాకా వెనక కాళ్లతో వస్తాయి, అదీ మామూలే. కూన జారిన మరుక్షణం తల్లి పళ్లతో మూతి మీది పొరను చీలుస్తుంది, మొదట ముక్కూ నోరూ నాకుతుంది. ఆ గరుకు నాలుక రాపిడికే కూన తొలి ఊపిరి తీస్తుంది. తర్వాత బొడ్డుతాడు. దాన్ని ముందు పళ్లతో కొరకదు, తల పక్కకు వంచి లోపలి పళ్లతో నమిలి తెంపుతుంది. నలిగి తెగిన రక్తనాళం త్వరగా మూసుకుంటుంది, నెత్తురు నిలుస్తుంది. మాయను తినేస్తుంది, తావును నాకి శుభ్రం చేస్తుంది, తడి కూనను మూతితో పొదుగు వైపు తోస్తుంది. జున్నుపాలలోని రక్షణ కూన రక్తంలోకి వెళ్లే వీలు మొదటి రోజే ఉంటుంది. ఇంకో నొప్పి వచ్చేలోపు ఇదంతా ముగించాలి. తొలిచూలు కుక్క కూడా, ఒక్క పురుడూ కళ్లతో చూడనిది కూడా, చాలావరకు తప్పు లేకుండా చేస్తుంది.

ఈ నేర్పు అన్ని జాతులకూ మిగల్లేదు. మూతి చప్పిడిగా ఉండాలని మనుషులు తరాల తరబడి ఏరి పెంచిన బుల్‌డాగ్‌కు తల పెద్దది, కటి ఇరుకు. వాటిలో చాలా వాటికి ఆపరేషన్ తప్పదు. పగ్ పరిస్థితీ అంత గొప్పగా ఏం లేదు. గల్లీ కుక్కకు ఆ వెసులుబాటు లేదు. ఈనలేని తల్లి తన లోపాన్ని ముందు తరానికి ఇవ్వకుండానే పోతుంది. అందంలో బహుమతులు ఎవరికి ఇచ్చుకున్నా, పురిటి పనిలో మాత్రం మన గోధుమరంగు గల్లీ కుక్కకే నా ఓటు.

అయినా అడ్డం తిరిగే పురుళ్లు ఉంటాయి. ఒక్క కూన కూడా రాకముందే ముదురాకుపచ్చ స్రావం కనిపిస్తే మాయ విడిపోతోందని అర్థం, లోపల కూనకు ఊపిరి అందదు. అరగంట గట్టిగా ముక్కినా ఏమీ రాకపోవడం, కడుపులో ఇంకా ఉండగానే రెండు గంటలు ఖాళీగా గడవడం, వేడి దిగి రోజు దాటినా నొప్పులు రాకపోవడం, ఇవన్నీ ఆటో పిలవాల్సిన గుర్తులే. నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది. అక్కడ స్కానింగులో కూన గుండె నిమిషానికి 200 దాటి కొట్టుకుంటుంటే డాక్టర్ నింపాదిగా ఉంటారు; 180 దిగితే ఆపరేషన్ మాటెత్తుతారు. 45వ రోజు దాటాక తీసిన ఎక్స్‌రేలో పుర్రెలు, వెన్నెముకలు లెక్కపెట్టి ఇంకెన్ని రావాలో చెబుతారు. ఇది చూడకుండా మందుల షాపులో నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ కొని ఇంట్లో పొడిపించేవాళ్లున్నారు. దారికి అడ్డంగా కూన ఉంటే ఆ ఇంజెక్షనుకు గర్భసంచి చిరిగిపోవచ్చు. దయచేసి ఆ పని చేయకండి.

మీ గల్లీలో ఈనబోయే కుక్క ఉంటే ఎండిన గోనెసంచి ఒకటి, గిన్నెడు నీళ్లు సందు దగ్గర పెట్టి పక్కకు తప్పుకోండి. కూనలను చూడటానికి పిల్లల్ని పంపకండి, ఎంత సాధువైనా బాలింత కుక్క కరుస్తుంది. కూనలు పాలు మరిచాక తల్లికి కుటుంబనియంత్రణ ఆపరేషన్, రేబిస్ టీకా చేయించండి. జీహెచ్‌ఎంసీ వాళ్ల ఆపరేషన్ కేంద్రం చుడీబజార్‌లో ఉంది.