పరభాషానుకరణహాస్యము

భరతముని హాస్యరసమునకు విభావములను జెప్పుచు వికృతవేషాలంకారములతోఁ బాటు అసత్ప్రలాపమును గూడఁ బేర్కొనెను. భాష యెఱుఁగనివాని చెవికిఁ బరుల భాష యంతయు నసత్ప్రలాపమే. కావుననే పరభాషను వెక్కిరించుట యన్నిదేశములందును హాస్యమునకు మిక్కిలి చౌకయైన సాధనమయ్యెను. ఆ చౌకసాధనముతో మేలైన రచన సాధ్యమగునా యనునదియే యిచ్చట విచార్యము.

అమెరికాలో 1975లో నారంభమై నేఁటికిని సాగుచున్న 'శాటర్డే నైట్ లైవ్' అను టెలివిజను హాస్యకార్యక్రమమున బిల్ హేడర్ అను నటుఁడు 2005 మొదలు 2013 వఱకు నుండెను. అతఁడు 2007 మొదలుకొని పలుమాఱులు ధరించిన పాత్ర విన్నీ వెడెచ్చి. ఈ విన్నీ యొక ఇటలీదేశపు సల్లాపకార్యక్రమమునకు సూత్రధారి. కథ చిన్నది. ప్రసిద్ధనటుఁ డొకఁడు తన సొంతపేరుతోనే యతిథిగా వచ్చి కూర్చుండును. విన్నీ సిగరెట్టు చేతఁబట్టి, చేతులు విసరుచు, ఊపిరి సలుపక ఇటాలియనులోఁ బ్రశ్నించును. అతిథికి ఆ భాషలో నొక్కముక్కయుఁ దెలియదు. తన యజ్ఞానమును ఆంగ్లమున విన్నవించుకొనును. విన్నీ నిర్ఘాంతపోయి, తెరవెనుక నున్న నిర్వాహకునిపై నిప్పులు గ్రక్కి, మరల నతిథివైపు దిరిగి యదే భాషలో సంభాషణ సాగించును. హేడరునకు ఇటాలియను రాదు. అతఁ డాడు మాటలలోఁ గొన్ని నిజమైన పదములు. తక్కినవి ఆ భాష వలెఁ దోఁచు నాదమాత్రములు.

ఇందు మెచ్చవలసిన దొకటి కలదు. ఇట్టి హాస్యమున సామాన్యముగా నవ్వులపాలగువాఁడు మాట రాని పరదేశి. ఇచ్చట మాట రానివాఁడు అతిథియే. అనఁగా లోకమంతటను ఆంగ్లము చెల్లునని నమ్మిన ఘనుఁడు. విన్నీ తన యింటఁ దన భాష మాటలాడుచున్నాఁడు, అందు తప్పేమి? ఈ తలక్రిందు చేయుటయందు సూక్ష్మబుద్ధి కానవచ్చును.

లోపము పునరావృత్తియందుఁ దెలియును. రెండవసారి, మూడవసారి చూచునప్పటికి అతిథి మాఱును గాని సంభాషణము మాఱదు. మాఱుటకు దారి లేదు. అర్థము లేని వాక్యమునకుఁ బ్రతివాక్యము పుట్టదు. ప్రతివాక్యము లేనిచోఁ గథ నడవదు. ఇఁక మిగులునవి సిగరెట్టు, కేకలు, హస్తవిక్షేపములు. వాచికము దివాలాతీసిన యింట ఆంగికాహార్యములు కాపురము నెట్టుకొని వచ్చుచున్నవి. ఇటలీవారన్న నింతియే కాఁబోలునని యెఱుఁగనివాఁ డనుకొనినచో వానిని దప్పుపట్టుటయుఁ గష్టము.

ఈ చిక్కును దాఁటిన పూర్వుఁ డొకఁడు కలఁడు. 1950 మొదలు 1954 వఱకు సాగిన 'యువర్ షో ఆఫ్ షోస్' అను కార్యక్రమమునఁ బేరొందిన సిడ్ సీజర్ (1922–2014) యాంకర్సు పట్టణమున జన్మించెను. అక్కడఁ దండ్రి నడపిన భోజనశాలలో ఇటలీవా రొకబల్లకును, రష్యావా రొకబల్లకును, పోలెండువారు వేఱొకబల్లకును జేరి మాటలాడుకొనుచుండఁగా నా బాలుఁ డా యా భాషల నడకను బట్టెను; అర్థమును గాదు. పెద్దవాఁడైన పిదప నతఁడు పరదేశచలనచిత్రములను వెక్కిరించునపుడు కేవలనాదమును వాడెను. అచ్చట నభినయమే కథ చెప్పును. కార్ల్ రైనర్ ప్రశ్నింపఁగా సమాధానము చెప్పు ప్రొఫెసరు పాత్రయందు మాత్రము ఉచ్చారణ జర్మనుది, మాట ఆంగ్లము. తెలియని సంగతి లేనట్లు నటించు పండితమ్మన్యుని ప్రతివారమును గొత్తప్రశ్నతోఁ బట్టుకొనవచ్చును గనుక నా పాత్ర పాఁతవడలేదు.

తెలుఁగున నీ జాతి హాస్యమునకు మేలుబంతి గురజాడ అప్పారావు కన్యాశుల్కము. 1892లో విజయనగరమునఁ బ్రదర్శితమై, 1897లో ముద్రితమైన యీ నాటకమునకు 1909నాఁటి రెండవకూర్పున నీ ఘట్టము కలదు. గిరీశము శిష్యుఁడగు వెంకటేశముతోఁ గృష్ణరాయపురాగ్రహారము చేరును. కొడుకు ఇంగ్లీషు మాటలాడఁగా వినవలెనని వెంకమ్మ ముచ్చటపడును. గురుశిష్యు లామె యెదుట సంభాషింతురు. ఆ సంభాషణమున నున్నవి పసిపిల్లలు పాడుకొను నక్షత్రగేయము, పాఠ్యపుస్తకములలోని తునుకలు, ఏకవచనమును బహువచనముగా మార్చు వ్యాకరణసూత్రము. తల్లి కది శాస్త్రచర్చ.

ఇచ్చటి ప్రతిపదమును నిజమైన ఆంగ్లమే. వాక్యములకు వేఱువేఱుగా నర్థము కలదు. ఒకదాని కొకటి సమాధానము మాత్రము కాదు. నవ్వునకుఁ గావలసిన యసంబద్ధత భాషలో లేదు, భాషను నేర్చిన తీరులో నున్నది. ఇదియే గురజాడకును హేడరునకును గల యంతరము. అమెరికా ప్రేక్షకుఁ డతిథితోఁ బాటు తానును దెలియక నవ్వును. కన్యాశుల్కప్రేక్షకుఁడు తెలిసి నవ్వును. వెంకమ్మ యమాయికత కొంత నవ్వు పుట్టించును గాని కవి యామె మాతృవాత్సల్యమును బలి పెట్టలేదు. బాణము తగిలినది మొదట గిరీశమునకు. గిరీశమును దాఁటి, సూత్రమును వల్లింపఁజేసి విద్య ముగిసినదను పాఠశాలకు. నాటకమును బోధించు పండితులు ఈ ఘట్టమును గేవలహాస్యమని దాఁటిపోయినచో నందు వారి కొంత స్వప్రయోజనము కలదేమో!

భాష తెలిసినవారి కొఱకుఁ జేయు హాస్యము సంస్కృతమునకుఁ గ్రొత్తది కాదు. కుమారిలభట్టు తంత్రవార్తికమున, ద్రావిడభాషలో నన్నమునకుఁ బేరైన 'చోర్' అను పదమునకు నొక యజంతరూపము తగిలించి 'చోర'యని దొంగను జేయు సంస్కృతజ్ఞులను బరిహసించెను. మృచ్ఛకటికము ఆఱవయంకమునఁ జందనకుఁ డింకను నిపుణుఁడు. బండిలో దాఁగిన యార్యకునిఁ గాపాడఁబూని, యందున్నది వసంతసేన యని చెప్పఁబోయి నోరు జాఱి పుంలింగరూపము పలికెను. వీరకుఁడు శంకింపఁగా, తాము దాక్షిణాత్యులమనియు, స్పష్టముగాఁ బలుకనేరమనియు, కర్ణాటద్రావిడాది మ్లేచ్ఛభాష లెన్నియో యెఱుఁగుటచే లింగము తప్పుట సహజమనియు బొంకెను. అదియుఁ జాలనపుడు కర్ణాటకలహమునకు దిగెను. లోకము తన పలుకును జేయు వెక్కిరింపునే యతఁడు డాలుగాఁ బట్టెను. విన్నీ వెడెచ్చి కిట్టి యవకాశ మొక్కనాఁడును గలుగలేదు.

చందనకుని వంటివారికిఁ దెలుఁగునాఁట సహజస్థానము దక్షిణపు సరిహద్దు. చెన్నపురి బెంగుళూరుల నడుమ బాటపై నున్న పలమనేరు, దాని యిరుగుపొరుగులైన పుంగనూరు, మదనపల్లె, మూఁడు రాష్ట్రములు గలియు మూల నున్న కుప్పము – ఈ సీమయందుఁ దెలుఁగు, తమిళము, కన్నడము, దక్కనీ ఉర్దూ ఒకే సంతలో వినఁబడును. 'ఎన్నా' యనియు 'ఇల్లే' యనియు రెండుమాటలు చల్లి, సాంబారు పేరెత్తి, తమిళుని జూపితి మనుకొను టెలివిజను ప్రహసన మిచ్చట నిలువదు. ఆ తమిళము తమిళము కాదని బేరమాడు బాలుఁడును జెప్పును.

ఇచ్చట నిలుచు హాస్యము వేఱు. 'అవసరము' అనఁగాఁ దెలుఁగువానికి ఆవశ్యకత. తమిళునకును గన్నడిగునకును దొందర. వడ్డింపవచ్చిన తెలుఁగుటింటి యిల్లాలితోఁ దమిళబంధువు 'తొందర లేదు, నింపాదిగానే వడ్డింపు' మను తాత్పర్యమున నా మాట వాడినచో, వద్దన్నాఁడని యామె గిన్నె తీసికొని పోవును. అటుపిమ్మట నాఁకటిచే నతఁడు 'పసి' యని మొఱవెట్టినచో నామె పసిబిడ్డ యెక్కడ నున్నాఁడా యని వెదకును. ఇరువురిలో నెవ్వరును మూఢులు కారు. ఇరువురు నాడినది శుద్ధభాషయే. ప్రతిమాటయు మఱియొక చిక్కును బుట్టించును గనుకఁ గథయు నడచును. అయితే యిది రెండుభాష లెఱిఁగిన సభకే దక్కును. ఎఱుఁగనిసభకు వ్యాఖ్యానము చెప్పవలెను; వ్యాఖ్యానము చెప్పిన హాస్యము చల్లారిన యన్నము.

ఈ భేద మితరభాషల విషయముననే కాదు, తెలుఁగులోని మాండలికముల విషయమునను జూపట్టును. తెలుఁగు చలనచిత్రములు చిరకాలము తెలంగాణపు మాటను విదూషకులకును బ్రతినాయకులకును విడిచినవను నాక్షేపణ న్యాయమైనదే. అది సొంతభాషనే పరభాషగాఁ జేసి, నాదమాత్రమును దీసికొని నవ్వించుట. 2021లో వెలువడిన 'పుష్ప'యందు చిత్తూరుయాస నాయకుని నోటికెక్కెను. ఇది మార్పే, కాని కథానాయకుఁ డాడినంతమాత్రమున మాండలికమునకు న్యాయము జరిగె ననుటకు వీలులేదు. క్రియారూపములు, సంబోధనములు ఆ సీమవేనా, లేక వాక్యాంతమందలి రాగ మొక్కటియే యా సీమదా యని మాటమాటయు నొరసి చూడవలసియున్నది.

1997లోఁ గుప్పమున వెలసిన ద్రావిడవిశ్వవిద్యాలయమున భాషల పొత్తును దులనాత్మకముగాఁ బరిశీలించువారు, ఒకే రూపముండి యర్థభేదము గల పదముల నీ హాస్యదృష్టితోఁ గూడఁ గూర్చినచో, నిఘంటుకారునకును నాటకకర్తకును నొక్కటే పుస్తక ముపకరించును. అందు మొదటిమాట 'అవసరము' కావచ్చును; 'పసి'కి రెండవస్థానమా యని పుంగనూరివారు తగవునకు రావచ్చును.