చాంపా దాకా ఇంజను లేకుండా

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని మనవాళ్ల సామెత. ఆ ఎండ బిలాస్‌పూర్‌కి వచ్చేసరికి ఇంకాస్త ముదురుతుంది. మే నెల మిట్టమధ్యాహ్నం యార్డులో పట్టాలు సెగలు కక్కుతుంటాయి. షెడ్డు రేకుల మీదుగా గద్దలు మాత్రం రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోతుంటాయి. మనల్ని ఇంట్లో కూర్చోబెట్టే ఆ ఎండే వాటిని మోస్తుంది. ఇంజను లేని విమానమైన గ్లైడర్‌ని మోసేదీ అదే.

నేల అంతా ఒకేలా కాగదు. కోత అయిపోయి బీటలు వారిన మడి, తారు రోడ్డు, రేకుల షెడ్లు తొందరగా వేడెక్కుతాయి. చెరువు, చెట్ల తోపు నెమ్మదిగా వేడెక్కుతాయి. బాగా కాగినచోట గాలి నేలను వదిలి స్తంభంలా లేస్తుంది. దాన్నే థర్మల్ అంటారు. పొలాల్లో దుమ్మును ఎగరేసే సుడిగాలి చాలాసార్లు దాని మొదలే. గాలిలో కాస్త తేమ ఉంటే దాని నెత్తిన అడుగు చదునుగా ఉండే తెల్లటి మేఘం కడుతుంది. పైలట్‌కి అదే గుర్తు. మేఘమే లేని రోజు నేలను చూసి, గద్దలను చూసి ఊహించుకోవాల్సిందే.

బిలాస్‌పూర్‌లో గ్లైడింగ్ క్లబ్బు లేదు. ఉండుంటే మొదటి దూరప్రయాణం ఎక్కడికో చెప్పడం తేలిక. అంతర్జాతీయ సిల్వర్ బ్యాడ్జికి మూడు పరీక్షలున్నాయి: 1000 మీటర్ల ఎత్తు సంపాదించడం, 5 గంటలు గాలిలో ఉండటం, 50 కిలోమీటర్లు ప్రయాణించడం. చకర్‌భాఠా విమానాశ్రయం నుంచి చాంపా తిన్నగా కొలిస్తే ఆ యాభై దాటుతుంది. దారి పొడవునా హౌరా లైను కిందే ఉంటుంది: గటౌరా, జైరాంనగర్, అకల్‌తరా, జాంజ్‌గీర్-నైలా. సీపత్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాల పొగ ఎటు వాలిందో చూస్తే గాలి ఎటు వీస్తోందో తెలిసిపోతుంది. కోట్మీ సోనార్ దగ్గర మాత్రం ఎత్తు తగ్గించుకోకపోవడం మేలు, అక్కడి చెరువు మొసళ్లకు ప్రసిద్ధి.

చాంపా చేరడం పరీక్ష, పోటీ కాదు. పోటీ అంటే ఇచ్చిన మలుపు గుర్తులన్నీ చుట్టి తిరిగి రావడం, అదీ అందరికన్నా తక్కువ సమయంలో. ఆ రోజు వాతావరణాన్ని బట్టి నిర్వాహకులు పొద్దున్నే దారి నిర్ణయిస్తారు. ఒకప్పుడు మలుపు దగ్గరికి వెళ్లినట్టు సాక్ష్యంగా కెమెరాతో ఫొటో తీసుకురావాల్సి వచ్చేది. ఇప్పుడు జీపీఎస్ లాగర్ ప్రతి అడుగూ రాసిపెడుతుంది. తొలి ప్రపంచ పోటీలు 1937లో జర్మనీలోని వాసర్‌కుప్పె కొండ మీద జరిగాయి. ఇంత కాలంలో రెక్కలు చెక్క నుంచి ఫైబర్‌కి మారాయి. లెక్క మాత్రం మారలేదు.

ఆ లెక్క రైల్వేవాళ్లకి చెప్పనక్కర్లేదు. బండి ఆలస్యమయ్యేది సెక్షన్‌లో వేగం చాలక కాదు, స్టేషన్లలో నిలబడి. గ్లైడర్‌కి థర్మల్‌లో చుట్లు కొట్టే సమయం అలాంటిదే. ముందుకు 30 మీటర్లు పోతే 1 మీటరు దిగే గ్లైడర్‌ని తీసుకుందాం. వెయ్యి మీటర్ల ఎత్తుతో అది 30 కిలోమీటర్లు పోతుంది. గంటకు 100 చొప్పున 18 నిమిషాలు. పోగొట్టుకున్న ఆ వెయ్యి మీటర్లను సెకనుకు 1 మీటరు లేపే థర్మల్‌లో తిరిగి సంపాదించాలంటే దాదాపు 17 నిమిషాలు కావాలి. 3 మీటర్లు లేపేదైతే ఐదున్నర చాలు. మొత్తం 35 నిమిషాల పని 24లో అయిపోతుంది. ముక్కు వంచి ఎంత దూకించినా ఈ తేడా పూడదు, పైగా వేగం పెంచినకొద్దీ ఎత్తు ఇంకా తొందరగా కరుగుతుంది. ముందు దొరకబోయే థర్మల్ బలాన్ని బట్టి మధ్యలో ఎంత వేగంతో పోవాలో చూపే ఉంగరాన్ని అమెరికన్ పాల్ మెక్‌క్రెడీ తన వేరియోమీటరు (గ్లైడర్ ఎంత వేగంగా లేస్తోందో, దిగుతోందో చూపే పరికరం) చుట్టూ అమర్చుకున్నాడు. 1956లో ఫ్రాన్స్‌లో ప్రపంచ విజేత అయ్యాడు. గ్లైడింగ్ పైలట్ల నోట ఆయన పేరు ఇవాళ్టికీ ఒక సెట్టింగు పేరు.

కనుక ఈ ఆటలో అసలు నేర్పు బలహీనమైన థర్మల్‌ను వదిలేయడంలో ఉంది. కొత్తవాడు దొరికిన ప్రతిదానిలోనూ తిరుగుతాడు. దించకుండా ఉంటే చాలనుకుంటాడు. ఆరితేరినవాడు రెండు చుట్లలో తేల్చుకుంటాడు. 90 కిలోమీటర్ల వేగంతో, 40 డిగ్రీలు వాల్చి తిరిగితే ఒక చుట్టుకి ఇరవై సెకన్లు పడుతుంది. ఆ ఇరవైలో ఏ వైపున లేపు ఎక్కువుందో వేరియోమీటరు చెబుతుంది, కుర్చీ అడుగున శరీరం అంతకన్నా ముందే చెబుతుంది. బలమున్న వైపుకి చుట్టును జరపాలి. అప్పటికే ఒకడు తిరుగుతుంటే మనమూ అతను తిరిగే వైపే తిరగాలి, ఇందులో బేరం లేదు.

బయల్దేరే ఘడియ ఇంకో చదరంగం. బయల్దేరే గీత తెరిచాక దాన్ని ఎప్పుడు దాటాలన్నది ఎవరిష్టం వారిది. ముందుగా వెళ్తే థర్మల్స్ ఇంకా పుంజుకోవు, పైగా మనం తిరిగే చోటు చూసి వెనకవాళ్లు లాభపడతారు. ఆలస్యం చేస్తే ఆఖరి మలుపు దగ్గర పొద్దు చల్లబడుతుంది. అందుకే గీత వెనక ఇరవై గ్లైడర్లు ఒకరినొకరు కనిపెట్టుకుంటూ చుట్లు కొడుతుంటాయి. చూసేవాళ్లకి ఏమీ జరగనట్టే ఉంటుంది. నన్నడిగితే పోటీలో అన్నిటికన్నా ఆసక్తికరమైన అరగంట అదే.

థర్మల్ దొరకకపోతే? పొలంలో దిగడమే. దాన్ని ప్రమాదంగా చూడరు, ఆ రోజు పోయినంత దూరానికే మార్కులు వస్తాయి. కాకపోతే నేలకి 300 మీటర్ల ఎత్తున ఉండగానే ఏ పొలమో తేలిపోవాలి. ఛత్తీస్‌గఢ్ మైదానంలో తంటా ఇక్కడే ఉంది. ఎక్కువ భాగం ఒకే కారు వరి, కాబట్టి మేలో పొలాలన్నీ ఖాళీగా ఉంటాయి. కానీ మడులు చిన్నవి, గట్లు గట్టివి. అడ్డంగా దిగితే గట్టు చక్రాన్ని విరిచేస్తుంది. మడి పొడవునా, గట్టు పక్కగానే దిగాలి. కరెంటు తీగలు పైనుంచి కనబడవు, స్తంభాల వరుస కనబడితే మధ్యలో తీగ ఉన్నట్టే. ఆగిన ఐదు నిమిషాలకు ఊరంతా చేరుతుంది. పిల్లలు రెక్క మీద ఎక్కకుండా చూసుకోవడం పైలట్ మొదటి పని, క్లబ్బుకి ఫోను చేయడం రెండోది. వాళ్లు ట్రైలర్‌తో వచ్చి, రెక్కలు ఊడదీసి ఇంటికి తీసుకెళ్తారు.

మన దేశానికి ఇదేం కొత్త విద్య కాదు. 1950, 60లలో ఢిల్లీలోని పౌర విమానయాన శాఖ సాంకేతిక కేంద్రంలో ఎస్. రామామృతం స్వదేశీ గ్లైడర్లు రూపొందించారు. అశ్విని, రోహిణి, పోటీల కోసం 15 మీటర్ల రెక్కలతో ఒంటి సీటు కార్తీక్. భరణి, మృగశిర, ఆర్ద్ర కూడా ఆ వరుసలోనే వచ్చాయి. మన రైతుల కార్తెల జాబితా చదువుతున్నట్టే ఉంటుంది. పక్కపక్కన ఇద్దరు కూర్చునే రోహిణి వందకు పైగా తయారైంది. ఎన్.సి.సి. పిల్లలు ఎందరో గ్లైడర్లలోనే మొదటిసారి నేల వదిలారు. పుణె పక్క హడప్సర్‌లో ప్రభుత్వ గ్లైడింగ్ కేంద్రం దశాబ్దాలు శిక్షణ ఇచ్చింది. ఇంత ఎండ, ఇంత మైదానం ఉన్న దేశంలో క్లబ్బులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కావడం నాకు మింగుడుపడదు.

క్లబ్బు పెట్టాలంటే ఖరీదైన గ్లైడరే అక్కర్లేదు. పోటీల్లో క్లబ్ క్లాస్ అని ఒకటుంది. పాత గ్లైడర్‌కీ మెరుగైన గ్లైడర్‌కీ మధ్య తేడాని హ్యాండీక్యాప్‌తో సరిచేస్తారు. విద్యార్థి లైసెన్సుకి 16 ఏళ్లు నిండితే చాలు. చకర్‌భాఠాలో 2021 నుంచి ప్రయాణికుల విమానాలు దిగుతున్నాయి కనుక వేరే మైదానం వెతకాలి, అనుమతులు తేవాలి. ఆ తర్వాత కావలసింది వించ్: డీజిల్ ఇంజను, డ్రమ్ము, కిలోమీటరు తీగ. గ్లైడర్‌ని క్షణాల్లో మూడు నాలుగు వందల మీటర్ల ఎత్తుకి లాగి వదులుతుంది. దాన్ని నడిపేవాడు తొందరపడితే తీగ తెగుతుంది, జంకితే గ్లైడర్ లేవదు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాల్లో డీజిల్ ఇంజను చప్పుడు విని రోగం చెప్పే రిటైర్డు ఫిట్టర్లు ప్రతి కాలనీలో ఉన్నారు. పైలట్లకన్నా ముందు వాళ్ల తలుపు తట్టాలి.