సుస్థిర ఉత్ప్రేరకం: లోహాన్ని చూసి తీర్పు చెప్పవచ్చునా?

ఉపోద్ఘాతం

కర్బన సమ్మేళనాల నుంచి హైడ్రోజన్‌ను తొలగించే చర్యను డీహైడ్రోజనీకరణం అంటారు. ఆల్కహాల్‌ను ఆల్డిహైడ్‌గానో కీటోన్‌గానో మార్చడానికి ఆరు సంయోజకత గల క్రోమియం వంటి ఆక్సీకరణులు వాడితే విషతుల్యమైన వ్యర్థం మిగులుతుంది. తగిన ఉత్ప్రేరకం ఉంటే, హైడ్రోజన్‌ను స్వీకరించే మరో రసాయనం అవసరం లేకుండా ఆ వాయువే ఉపఉత్పన్నంగా వెలువడుతుంది. చౌటుప్పల్, జడ్చర్ల ప్రాంతాల్లో ఔషధ పరిశ్రమలు నెలకొన్న ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలకు ఈ తేడా చిన్నది కాదు. అయితే ఈ రంగపు పరిశోధన పత్రాల్లో విరివిగా కనిపించే 'సుస్థిర లోహం' అన్న మాట ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించవలసి ఉంది.

లోహ మార్పిడి: లాభనష్టాలు

ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన డేవిడ్ మిల్‌స్టీన్ బృందం 2005లో రుథీనియం పింసర్ సంక్లిష్టంతో ఆల్కహాళ్లను ఎస్టర్లుగా మార్చి హైడ్రోజన్‌ను విడుదల చేసింది. 2016లో అదే బృందం మాంగనీసు సంక్లిష్టంతో ఆల్కహాల్, ఎమీన్‌లను ఇమీన్‌గా సంధానించింది. అరుదైన లోహం స్థానంలో భూపటలంలో సమృద్ధిగా దొరికే లోహం రావడం నిజమైన ముందడుగే. కాని మాంగనీసును పట్టి ఉంచే ఫాస్ఫీన్ లైగాండ్ గనుల్లో దొరకదు. దానిని పలు దశల్లో, తరచుగా గాలి సోకకుండా తయారు చేయాలి. చౌక లోహం ఖరీదైన లైగాండ్‌తో కలిసి ఒక్కసారి పనిచేసి వ్యర్థంలో కలిస్తే ఆ పొదుపు మిగలదు.

సమృద్ధి వేరు, నిరపాయత వేరు. మూలక మలినాలపై ఐసీహెచ్ క్యూ3డి మార్గదర్శకం నోటి ద్వారా తీసుకునే ఔషధాల్లో పల్లాడియంకు రోజుకు 100 మైక్రోగ్రాములు అనుమతిస్తే, కోబాల్టుకు 50 మాత్రమే అనుమతిస్తుంది. ఇనుముది మరో సమస్య. ఇథైల్ బెంజీన్ నుంచి స్టైరీన్ తీసే పరిశ్రమలో పొటాషియం కలిపిన ఐరన్ ఆక్సైడ్ దశాబ్దాలుగా వాడుకలో ఉంది. లోహం చౌకే, చర్యకు మాత్రం సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వేడి, పుష్కలంగా నీటి ఆవిరి కావాలి.

నల్లగొండ పద్ధతి: ఒక పోలిక

నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు ప్రక్రియ 'నల్లగొండ పద్ధతి'గా ప్రసిద్ధం. అది ఉత్ప్రేరక చర్య కాకపోయినా ఇక్కడ పోల్చదగినదే. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ అందులోని ప్రధాన రసాయనాలు. అల్యూమినియంకు కొరత లేదు. అయినా ఆ పద్ధతిపై వచ్చిన ప్రధాన విమర్శలు శుద్ధి చేసిన నీటిలో మిగిలే అల్యూమినియం గురించి, ఫ్లోరైడ్‌ను మోసే మడ్డి గురించే. ముడిసరుకు చౌకదనం ప్రక్రియ చివర మిగిలేదాని లెక్కను తీర్చలేదని ఆ అనుభవం చెబుతోంది.

ముగింపు

కాబట్టి 'సుస్థిర' అన్నది లోహానికి కాక మొత్తం ప్రక్రియకు చెందవలసిన విశేషణం. రోజర్ షెల్డన్ 1992లో ప్రతిపాదించిన ఇ-ఫ్యాక్టర్ కిలో ఉత్పత్తికి ఎన్ని కిలోల వ్యర్థం మిగులుతుందో చెబుతుంది. ఔషధ రంగంలో అది 25 నుంచి 100 దాకా, కొన్నిసార్లు ఆపైన ఉంటుంది. డీహైడ్రోజనీకరణ పత్రాలు దిగుబడి శాతంతో ఆగకుండా ఇ-ఫ్యాక్టర్‌ను, ఉత్ప్రేరకం నశించేలోగా జరిపిన చర్యాచక్రాల సంఖ్యను, లైగాండ్ తయారీలో ఖర్చయిన ద్రావణిని, ఉత్పత్తిలో మిగిలిన లోహాన్ని కూడా ప్రకటించాలి. అప్పుడే రుథీనియం, మాంగనీసుల మధ్య పోలిక న్యాయమవుతుంది. కొన్ని చర్యల్లో తిరిగి రాబట్టుకోగల రుథీనియమే మెరుగని తేలితే దానిని అంగీకరించక తప్పదు.