లామార్క్ మీద నీలాపనిందలు

పైకొమ్మల ఆకుల కోసం జిరాఫీ మెడ సాచింది, సాచగా సాచగా మెడ పొడుగయింది, పుట్టిన పిల్లలకీ ఆ పొడుగే వచ్చింది. లామార్క్ అనగానే మనకి గుర్తొచ్చే కథ ఇదే. బడి పుస్తకాల్లో ఆయన కనిపించేది డార్విన్ చేతిలో ఓడిపోవడానికే. తీరా 1809లో, 65 ఏళ్ళ వయసులో, ఆయన ఫ్రెంచిలో ప్రచురించిన ‘ఫిలొసొఫీ జువొలొజీక్’ తెరిచి చూస్తే ఆ జిరాఫీకి దక్కింది ఒక్క పేరా!

పుస్తకంలోని అసలు వాదన ఇది. పరిసరాలు మారితే జంతువుల అవసరాలు మారతాయి. అవసరాలతో అలవాట్లు మారతాయి. వాడిన అవయవం బలపడుతుంది, వాడనిది క్రమంగా క్షీణిస్తుంది. ఆ మార్పు తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ఉంటే పిల్లలకి సంక్రమిస్తుంది. కోరుకుంటే చాలు, అవయవం మొలుస్తుందన్న మాట ఇందులో లేదు. పరిసరాల వల్ల మొక్కలు కూడా మారతాయన్నాడు లామార్క్. మొక్కకి కోరికలేమిటి?

మరి ఈ ‘కోరిక’ ఎక్కణ్ణించి వచ్చింది? అందులో పెద్ద వాటా జార్జ్ కువియేది. ఆయన పారిస్ మ్యూజియంలో లామార్క్‌కి సహోద్యోగి, జీవజాతులు మారవని నమ్మినవాడు. 1829లో లామార్క్ పోయాక ఫ్రెంచి సైన్స్ అకాడమీ కోసం సంస్మరణ వ్యాసం రాశాడు. 1832 నవంబరులో దాన్ని అకాడమీలో చదివే నాటికి కువియే కూడా లేడు. ఈదాలని కోరుకోగా కోరుకోగా నీటిపక్షుల కాలివేళ్ళ మధ్య పొర వచ్చిందట, అదీ లామార్క్ సిద్ధాంతమట! అది కవుల ఊహకి పనికొస్తుంది గాని శాస్త్రం కాదని తేల్చేశాడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు మనవాళ్ళు. చివరి ఏళ్ళలో చూపు పోగొట్టుకున్న లామార్క్‌కి ఆపాటి దయ కూడా దక్కలేదు.

అలాగని లామార్క్‌ని పూర్తిగా వెనకేసుకు రానక్కర్లేదు. పుస్తకంలో చెప్పిందే చెప్పడం ఎక్కువ. ఉదాహరణలున్నాయి గాని ప్రయోగాలు లేవు. ఆర్జిత లక్షణాలు సంక్రమిస్తాయన్న కీలకమైన మెట్టుని రుజువు అక్కర్లేని సంగతిలా దాటేశాడు. నిజానికి అది ఆయన కనిపెట్టిన మాట కాదు, ఆ రోజుల్లో దాదాపు అందరూ నమ్మినదే. శరీరంలోని అన్ని భాగాల నుంచీ సూక్ష్మకణాలు బీజంలోకి చేరతాయని ఊహించి, 1868లో డార్విన్ కూడా ఆ నమ్మకానికి చోటిచ్చాడు.

1880 దశకంలో జర్మనీలో ఆగస్ట్ వైస్మన్ ఎలుకల తోకలు తరం తరవాత తరం కోసి చూశాడు. పిల్లలు తోకలతోనే పుట్టాయి. కాని కోసిన తోక గాయమే గాని అలవాటు కాదు కనక, లామార్క్‌కి ఇది సూటి జవాబు కాదు. ఆయన వాదాన్ని అసలు దెబ్బ తీసింది వైస్మన్ చెప్పిన మరో మాట: బీజకణాల వరస శరీరకణాలతో సంబంధం లేకుండా సాగుతుందన్నది. తరవాతి జన్యుశాస్త్రం చాలామటుకు ఆ వైపే నిలిచింది. ఎపిజెనెటిక్స్ వచ్చి లామార్క్‌ని బతికించిందని ఇప్పుడు కొందరంటారు. కొన్ని మొక్కల్లో, నులిపురుగుల్లో పరిసరాల ముద్ర కొన్ని తరాలు నిలవడం నిజమే. అంతమాత్రాన జిరాఫీ మెడ సాగదు.

ఈ పాత గొడవ దేశం కాని దేశంలో ఉన్న మనకెందుకంటారా? లామార్క్‌ని చూసి నవ్వే మనమే “పాట మా ఇంటి రక్తంలోనే ఉంది” అంటాం. “తెలుగు ఎక్కడికి పోతుంది, పిల్లల రక్తంలో ఉంది” అని ధీమాగా కూర్చుంటాం. లామార్క్ కూడా అంత తేలిగ్గా మాట్లాడలేదు, వాడకం ఉండాలన్నాడు. భాష రక్తంలో రాదు. మనం నేర్చుకున్నది పిల్లలకి అందేది ఇంట్లో మాట్లాడే మాటలోనే. వాడని అవయవం క్షీణించడానికి చాలా కాలం పడుతుందన్నాడాయన. వాడని భాషకి ఒక్క తరం చాలు.