మెనూహిన్: రెండు ఫిడేళ్ళ కన్సర్టో

యెహూది మెనూహిన్‌ను విమర్శకులు రెండు ముక్కలు చేసి చూస్తారు. 1916లో న్యూయార్కులో పుట్టి, పన్నెండవయేట బెర్లిన్‌లో ఒకే రాత్రి బాఖ్, బీథోవెన్, బ్రామ్స్ కన్సర్టోలు మూడూ వాయించిన బాలమేధావి ఒకరట; పెద్దయ్యాక కమాను పట్టిన చేయి తడబడినవాడు మరొకరట. ఈ విభజన సులభమే గాని సత్యం కాదు. ఎదుటివానితో సమానంగా కలిసి వాయించడం ఎట్లా అన్న ప్రశ్న ఆయన జీవితం పొడుగునా ఉంది. దానికి గీటురాయి బాఖ్ రెండు ఫిడేళ్ళకు వ్రాసిన డి మైనర్ కన్సర్టో.

1730 ప్రాంతానికి చెందిన ఈ రచనలో ప్రధానవాద్యం, పక్కవాద్యం అనే భేదం లేదు. మొదటి భాగాన్ని ఆరంభించేది రెండవ ఫిడేలు. నడిమి భాగంలోనూ ముందు పలికేది అదే. మొదటి ఫిడేలు ఆ మాటనే పై స్థాయిలో అందుకుంటుంది. అయినా రెండవది మౌనం వహించదు. ఇందులో ఒకరి గెలుపు మరొకరి ఓటమి కాదు.

1932లో మెనూహిన్ దీనిని తన గురువు జార్జి ఎనెస్కూతో కలిసి పారిస్‌లో రికార్డు చేశాడు. అప్పటికాయన వయస్సు పదహారు. నాటి వాద్యపద్ధతులను పునరుద్ధరిస్తున్నవారికి ఈ వాదనం మందగమనంగా, స్వరకంపనం మితిమీరినట్లుగా తోస్తుంది. ఆ అభ్యంతరం న్యాయమైనదే. నడిమి భాగాన్ని మరీ మెల్లగా వాయించవద్దని బాఖ్ స్వయంగా సూచించాడు గదా! కాని గురువు గొంతు గరుకు, శిష్యుని గొంతు తేట. ఒకరినొకరు అనుకరించరు, ఒకరినొకరు అణచరు. రచనలోని సమానత్వం చెవికి అందుతుంది.

ఈ గుణాన్ని జీవితం నుంచి విడదీయలేం. 1945లో బెల్సెన్ శిబిరంలో మృత్యువును తప్పించుకున్నవారి ముందు వాయించాడు. 1947లో, నాజీ పాలనలోనూ జర్మనీలో సంగీతం నడిపిన ఫుర్త్‌వెంగ్లర్‌తో కలిసి బెర్లిన్‌లో వాయించాడు. తోటి యూదులు అనేకులు ఆగ్రహించారు. వారి ఆగ్రహం వెనుక లక్షల చావులున్నాయి. కళకు రాజకీయాలతో పని లేదంటూ మెనూహిన్‌ను సమర్థించేవారితో నేను ఏకీభవించను. ఆయన చేసినది రాజకీయ చర్యే. దానిని అట్లాగే తూచాలి.

1958లో, ప్రచ్ఛన్నయుద్ధం సాగుతుండగా, పారిస్‌లో సోవియట్ కళాకారుడు డేవిడ్ ఓయిస్త్రాఖ్‌తో ఇదే కన్సర్టో వాయించాడు. ఓయిస్త్రాఖ్ ధ్వని నిండుగా, నిలకడగా ఉంది. మెనూహిన్ కమానులో బాల్యపు నిబ్బరం తగ్గింది. పోటీగా వినేవారు ఓయిస్త్రాఖ్‌కే బహుమతి ఇస్తారు. కాని ఈ రచనను పోటీగా వినడమే పొరపాటు. తనకంటె దిటవైన చేతి పక్కన నిలబడి, దానితో పెనుగులాడక, దానికి లొంగిపోక, తన మాట తాను చెప్పడం చిన్న విషయం కాదు.

1999లో మెనూహిన్ మరణించాడు. బరోక్ సంగీతాన్ని ఆయనకంటె శుద్ధంగా వాయించేవారు తర్వాత ఎందరో వచ్చారు. పద్ధతి వారి వద్ద నేర్చుకోవలసిందే. సమానుడితో సంభాషణ ఎట్లా ఉంటుందో తెలియాలంటే మాత్రం ఈ రెండు వాదనాలూ వినాలి.